విచారించిన చోటు, విచారింపని చోటు

మావో సే టుంగు పేరు చీనాదేశమున ఎట్లు నిలిచినదన్నది ఒక ప్రశ్న. ఆ దేశమును కన్నులార చూడనివారు, ఆ భాష ఎరుగనివారు పారిసు, న్యూయార్కు, బెర్లిను, స్టాక్‌హోము నగరములలో ఆ పేరును అంతగా ఎందుకు ఆరాధించిరి, ఆ ఆరాధన అణగిన పిమ్మట వారికి మిగిలినదేమి అన్నది వేరొక ప్రశ్న. ఈ రెండవ ప్రశ్నను గురించి ఇరువురు విజ్ఞులు జరిపిన వాదమును ఇందు పొందుపరచుచున్నాను. ఒకరు చిరకాలము ప్రభుత్వ వైద్యశాలలలో బీదల నాడి చూచిన వైద్యులు. రెండవవారు కళాశాలలో ఐరోపా చరిత్రను బోధించి విశ్రాంతి గైకొన్న అధ్యాపకులు. ఇరువురును బావమరదులు, కావున మాటలో చనువు కలదు గాని వాదములో మొగమాటము లేదు.

అధ్యాపకుడు: బావగారూ, 1956లో కృశ్చేవు స్టాలిను ఘోరములను బయలుపరచినప్పుడు, అదే యేడు సోవియట్టు టాంకులు బుడాపెస్టు వీథులలో ప్రవేశించినప్పుడు, పశ్చిమదేశముల వామపక్షీయులలో వేలకొలది మంది మనస్సాక్షికి జడిసి తమ పార్టీలను విడిచిపోయిరి. వారిని నేను నేటికిని గౌరవింతును. కాని పది పండ్రెండేండ్లు గడచునంతలో వారి తమ్ములును బిడ్డలును, జనులను ఆకలికిని హింసకును ఒప్పగించుటలో స్టాలినుకు తీసిపోని మరియొక నాయకుని చిత్రపటమును గోడలకు తగిలించుకొనిరి. ఒక దేవుని చేత మోసపోయినవారు దేవుళ్ళనే మానుకొనవలసినది పోయి మరియొక దేవుని వెదకికొనుట నాకు నేటికిని అంతుపట్టలేదు.

వైద్యుడు: దేవుని వెదకికొనిరని మీరు తేల్చివేయుచున్నారు గాని, వారి యెదుట నున్న ఆనాటి లోకమును చూచిన తరువాతనే తీర్పు చెప్పుట న్యాయము. అల్జీరియా తిరుగుబాటును అణచుటకు గీ మొల్లే ప్రభుత్వము 1956 మార్చిలో విశేషాధికారములు కోరగా, శ్రామికుల పార్టీ యని చెప్పుకొను ఫ్రెంచి కమ్యూనిస్టు పార్టీయే అనుకూలముగ ఓటు వేసెను. మాస్కో శాంతియుత సహజీవనమును ఉపదేశించుచుండగనే వియత్నాము పల్లెల మీద బాంబులు కురియుచుండెను. ఇట్టి సమయమున, 1963 ఆగస్టు 8న, వాషింగ్టను నగరమున నల్లజాతివారి మహాప్రదర్శన జరుగుటకు ఇరువది దినములు ముందుగ, మావో వారి పోరాటమును సమర్థించుచు ప్రకటన వెలువరించెను. స్వదేశమున పాస్‌పోర్టు కొరకే ఏండ్ల తరబడి న్యాయస్థానముల చుట్టు తిరుగవలసివచ్చిన డుబోయిస్ అను అమెరికా నల్లజాతి పండితునకు 1959లో తొంబదియొకటవ జన్మదినోత్సవము జరిపినది పెకింగు నగరము. అవమానమున పుట్టి పెరిగినవారికి, తెల్లవాడు కాని ఒక మహారాజ్యాధినేత తమ పక్షమున నిలుచుట ఎంతటి ఊరటయో మనకు, వలసపాలనను చవిచూచినవారికి, ఎవరును బోధింపనక్కరలేదు.

అధ్యాపకుడు: ఆ ఊరటను నేను ఆక్షేపింపను. దానిని ఆధారముగ చేసికొని కట్టిన సిద్ధాంతసౌధమును ఆక్షేపింతును. ఓక్‌లండులో బ్లాక్ పాంథర్ పార్టీని స్థాపించిన హ్యూయీ న్యూటను, బాబీ సీలు మావో ఎర్రపుస్తకములను టోకున కొని, బర్కిలీ విశ్వవిద్యాలయ ద్వారమున విద్యార్థులకు అమ్మి, ఆ లాభముతో తుపాకులు కొనిరని సీలే వ్రాసియున్నాడు. ఆ పుస్తకములో నున్నదేమో ముందుగ చదివి నమ్మి అమ్మినది కాదు. అమ్మిన పిమ్మట చదివినది. సరే, ఆ పుస్తకము అక్కడ అమ్ముడుపోవుటకు కొలది మాసములు ముందుగనే, దానిని చేతబట్టుకొని తిరుగు పిల్లలు చీనాలో ఏమి చేయుచుండిరో ఒక్క ఉదాహరణము చెప్పుదును, వినుడు. పెకింగు ఉపాధ్యాయ విశ్వవిద్యాలయమునకు అనుబంధమైన బాలికల పాఠశాల యొకటి కలదు. అందు ఉపప్రధానోపాధ్యాయిని బియాన్ జోంగ్‌యున్. వయస్సు యాబది, నలుగురు బిడ్డల తల్లి. సాంస్కృతిక విప్లవము మొదలైన 1966లో, ఆగస్టు 5న, ఆమె విద్యార్థినులే ఆమెను బడి ఆవరణలో గంటల తరబడి కొట్టిరి. స్పృహ తప్పిన ఆమెను చెత్తబండి మీద పడవైచిరి. వైద్యశాల వీథికి ఆవలి ప్రక్కనే యున్నను వేళకు చేర్చినవారు లేరు. మరునాడు ఆమె భర్త కెమెరా కొనితెచ్చి, భార్య దేహము మీది గాయముల నన్నింటిని ఛాయాచిత్రములు తీసెను. ఆనాడు న్యాయము చెప్పువా డెవ్వడును లేడు గనుక, ఎన్నడో చెప్పబోవువారి కొరకు సాక్ష్యమును భద్రపరచెను. పదుమూడు దినములకు తియనాన్మెన్ చౌకులో పది లక్షల మంది యెదుట మావో భుజమునకు రెడ్‌గార్డుల పట్టీ కట్టినది ఆ పాఠశాల విద్యార్థినియే. మరుసటి యేడు పారిసులో గొదార్ దర్శకుడు తీసిన చలనచిత్రమున విద్యార్థులు బీరువాలనిండ ఎర్రపుస్తకములు పేర్చుకొని విప్లవపాఠములు వల్లించిరి. ఉపాధ్యాయవృత్తిలో తల నెరసిన నాకు ఈ రెండు దృశ్యములను పక్కపక్కన నుంచి చూచునప్పుడు కలుగు బాధను దాచుకొనజాలను.

వైద్యుడు: ఆ బాధ నాకును కలదు. కాని పెకింగు బడి ఆవరణలో జరిగినది పారిసు విద్యార్థికి తెలియు మార్గమేది? తమ పత్రికలను నమ్మవలసినదని మీరనవచ్చును. ఆ పత్రికలను వారెందుకు నమ్మలేదో ఆలోచింపుడు. 1961 అక్టోబరు 17న పారిసు నగరమునందే అల్జీరియనుల నిరాయుధ ప్రదర్శనపై పోలీసులు విరుచుకుపడి పదులకొలది మందిని చంపిరి. సేన్ నదిలో శవములు తేలెను. ప్రభుత్వము మాత్రము మరణములను వ్రేళ్ళ మీద లెక్కించి చూపగా, పత్రికలలో పెక్కులు ఆ లెక్కనే అచ్చువేసెను. తన యింటి వాకిట జరిగిన హత్యలను దాచిన పత్రిక ఐదువేల మైళ్ళ దూరమున జరిగిన హత్యలను గూర్చి చెప్పునపుడు నమ్మకపోవుట యువకుని నేరమా?

అధ్యాపకుడు: మీరే నదీశవముల ప్రసక్తి తెచ్చితిరి గనుక ఆ మార్గముననే వత్తును. 1968 వేసవిలో దక్షిణచీనా నదుల మీదుగ హాంకాంగు జలములలోనికి శవములు కొట్టుకొనివచ్చెను. వానిలో చేతులు కాళ్ళు కట్టివేయబడిన దేహములు కలవు. ఆనాడు ఆ నగరమున పియేర్ రిక్మన్స్ అను బెల్జియను చీనాభాషా పండితుడుండెను. చీనా చిత్రకళను, కవిత్వమును ప్రాణప్రదముగ ప్రేమించిన ఆయన గూఢచారి కాడు, ధనస్వామ్యమునకు వకీలు కాడు. చీనా ప్రభుత్వ పత్రికలనే దినదినము చదివి, పారిపోయివచ్చిన శరణార్థుల మాటలు విని, సాంస్కృతిక విప్లవమనునది అధికారము కొరకు పైవర్గములలో జరిగిన పెనుగులాటయనియు, ప్రజలు దానికి సమిధలైరనియు నిరూపించుచు సైమన్ లేస్ అను మారుపేరుతో 1971లో గ్రంథము ప్రకటించెను. భాష వచ్చినవాడు, ఆధారములు చూపినవాడు, చీనాను ప్రేమించినవాడు చెప్పిన మాటను పారిసు మేధావిలోకము తృణీకరించెను. అదే సంవత్సరము, కొలది వారములు విందులతో పర్యటించి వచ్చిన ఇటలీ రచయిత్రి మాక్యోక్కీ వ్రాసిన స్తోత్రమునకు బ్రహ్మరథము పట్టెను. అప్పుడు కూడ తెలియు మార్గము లేదందురా? కరువు సంగతియు ఇట్టిదే. 1959 మొదలు 1961 వరకు చీనా పల్లెలలో ఆకలిచావులు సంభవించుచుండగా, ఫ్రాన్సు నుండి రాజకీయనాయకుడు మిత్తెరాఁ వెళ్ళి మావోను కలిసివచ్చి కరువు లేదని వ్రాసెను. అమెరికా పత్రికారచయిత ఎడ్గార్ స్నో దేశమంతయు తిరిగి 1962లో అట్లే వ్రాసెను. 1937లో వెలువడిన స్నో తొలిగ్రంథము లోకమునకు మావోను పరిచయము చేసిన గొప్ప పత్రికారచన. ఆ కీర్తియే రెండవసారి ఆయన కన్నులకు గంతలు కట్టెను. కరువు మొదలైన 1959లో ఆ ప్రభుత్వము 40 లక్షల టన్నులకు మించి ధాన్యమును విదేశములకు ఎగుమతి చేసెను. మృతుల సంఖ్యను పండితులు ఒకటిన్నర కోట్లు మొదలు నాలుగున్నర కోట్ల వరకు అంచనా వేసియున్నారు. చీనా ప్రభుత్వ వార్తాసంస్థలోనే పనిచేసిన యాంగ్ జిషెంగ్, ఆ కరువులో తండ్రిని పోగొట్టుకొన్నవాడు, ఏండ్ల తరబడి స్థానిక దస్తావేజులు పరిశీలించి, 3 కోట్ల 60 లక్షలని 2008లో తేల్చెను.

వైద్యుడు: ఆ అంకెను నేను తగ్గింపబూనను. కాని లెక్క మొదలుపెట్టిన పిమ్మట సగములో ఆపరాదు. 1949 నాటికి చీనాలో సగటు ఆయుర్దాయము 40 ఏండ్లు కూడ లేదు. మావో గతించు నాటికి 60 దాటెను. పల్లెలోనే పుట్టి, కొలది మాసములు శిక్షణ పొంది, పొలముపని చేయుచునే టీకాలు వేయుచు, ప్రసూతులు చూచుచు తిరిగిన పాదచారి వైద్యుల కృషి అందు కలదు. బావినీటి శుభ్రత, రోగమును వ్యాపింపజేయు నత్తల నిర్మూలన, ఆడుపిల్లల చదువు కలవు. అమర్త్య సేను, జాన్ డ్రేజు 1989లో ఈ లెక్కను మన దేశముతో పోల్చి చూపిరి. చీనాతో సమానమైన ఆరోగ్యవ్యవస్థ లేనందువలన, కరువు లేని సాధారణ వత్సరములలోనే భారతదేశమున అదనముగ రాలిపోవు ప్రాణములను కూడినచో, ప్రతి ఎనిమిదేండ్లకు చీనా మహాక్షామమును మించునని వారు లెక్కకట్టిరి. పురిటిగదిలో తల్లియు, విరేచనములతో బిడ్డయు పోవుట నేను వందలసార్లు చూచితిని. ఆ చావులకు స్మారకగ్రంథములు లేవు. వానిని ఎవ్వరును రాజ్యము చేసిన హత్యలని అనరు. పశ్చిమదేశములలో బీదల పక్షమున ఆలోచించువారు ఈ నిశ్శబ్దమరణములను లెక్కలోనికి తెచ్చినందులకు వారిని నిందింపగలమా?

అధ్యాపకుడు: నిందింపను, కాని సేను వాదము రెండు రెక్కలు గలది. స్వతంత్ర పత్రికలును, ఎన్నికలలో ఓడిపోదునన్న భయమును గల పాలకులు ఉన్నచోట మహాక్షామములు సంభవింపవనియు, చీనాలో ఆ రెండును లేకుండుటచేతనే మూడేండ్ల పాటు మృత్యువు నిరాఘాటముగ సాగెననియు ఆయనయే చెప్పెను. ప్రాణములను నిలిపిన వైద్యమునకును, ప్రాణములను తీసిన నిశ్శబ్దమునకును విడదీయరాని సంబంధము లేదు. పల్లెకొక పాదచారి వైద్యుని పంపుటకు ఉపాధ్యాయినిని కొట్టి చంపవలసిన పని లేదు గదా! మన కేరళము చంపకయే ఆయుర్దాయమును పెంచి చూపెను. మీరు మెచ్చుకొను మేలు మావో లేకున్నను సాధ్యము. నేను చెప్పు కీడు ప్రశ్నింపరాని అధికారము లేక అసాధ్యము.

వైద్యుడు: సాధ్యమని నేడు చెప్పుట సులభము. సాధ్యమను నమ్మకము ఎవరికి ఎక్కడనుండి కలిగెనన్నదే నా విషయము. పశ్చిమదేశముల మావోవాదులు చీనాను గూర్చి ఏమి వ్రాసిరో వదలి, తమ నేల మీద ఏమి చేసిరో చూడుడు. రొబేర్ లినార్ట్ అను యువకుడు తత్త్వవేత్త అల్త్యుస్సేర్ శిష్యుడు, ఫ్రాన్సులో అత్యున్నత విద్యాలయమున తత్త్వశాస్త్రము చదివినవాడు. 1968 శరత్తులో ఆయన పారిసు పొలిమేరనున్న సిత్రొయెన్ కార్ల కర్మాగారమున సాధారణ కార్మికుడుగ చేరి, అల్జీరియనులు, యుగోస్లావులు, మాలీ దేశీయుల నడుమ నిలిచి పనిచేసెను. పది సంవత్సరములకు వ్రాసిన గ్రంథమున ఒక వృద్ధ కార్మికుని వృత్తాంతము కలదు. సొట్టలు పడిన కారు తలుపులను సరిచేయుట ఆయన పని. తన చేతివాటమునకు తగినట్లు, పాతముక్కలు ఏరి తెచ్చి తానే అమర్చుకొన్న బల్ల మీద ఆయన చేతులు చకచక సాగిపోవుచుండును. ఒకనాడు యాజమాన్యము ఆయనను మాటమాత్రమైన అడుగక ఆ బల్లను తీసివేసి, ఇంజనీర్లు గీసిన క్రొత్తబల్లను తెచ్చి నిలిపెను. దాని మీద ఆయన చేతులు తడబడెను; పై అధికారులు చుట్టును మూగి చూచుచుండగా ఆ పెద్దమనిషి తన విద్యనే మరచినవానివలె నిలువున నీరైపోయెను. పనివాని చేతిలో జ్ఞానము కలదని, దానిని అడుగనివాడే అజ్ఞానియని ఇంత ప్రత్యక్షముగ చూపిన పుట నేను మరెందును చదువలేదు. జనుల వద్దకు పోయి విచారింపుమన్న మావో మాట లేనిచో ఆ తత్త్వశాస్త్రవేత్త ఆ బల్ల దరిదాపులకు పోయియుండునా?

అధ్యాపకుడు: అది గొప్ప పుటయే. ఇంకను చెప్పుడు.

వైద్యుడు: చెరలోనున్న ఫ్రెంచి మావోవాదులు నిరాహారదీక్షలు చేయగా, 1971 ఫిబ్రవరిలో తత్త్వవేత్త ఫూకో మొదలగువారు కారాగార సమాచార సంఘమును స్థాపించిరి. వారు సంస్కరణ ప్రణాళికలు వ్రాయలేదు; ఖైదీలకు, వారి కుటుంబములకు రహస్యముగ ప్రశ్నపత్రములు పంచి, తిండి యెట్లు, దెబ్బలు ఎన్ని, వైద్యుడు వచ్చునా అని అడిగి, వచ్చిన సమాధానములను ఖైదీల మాటలలోనే అచ్చువేసిరి. చీనా భూసంస్కరణ దినములలో పేదరైతులు సభలో నిలిచి తమ కష్టములను చెప్పుకొను పద్ధతిని విలియం హింటన్ 1966లో ఒక పల్లె చరిత్రగ వ్రాయగా, దానిని చదివిన అమెరికా స్త్రీలు చిన్నబృందములుగ కూడి, ఇంటి నాలుగు గోడల నడుమ తాము పడు బాధ వ్యక్తిగత దురదృష్టము కాదని, వ్యవస్థ చేయు అన్యాయమని గ్రహించిరి. న్యూయార్కు దక్షిణ బ్రాంక్సులో లింకను వైద్యశాల శిథిలావస్థలో నుండగా, 1970లో పోర్టోరికో యువకులు దానిని ఆక్రమించి, మాదకద్రవ్యముల బానిసలకు చికిత్సాకేంద్రము తెరిపించిరి. చీనాలో సూదివైద్యము సామాన్యులకు నేర్పుచున్నారని చదివి, తాము నేర్చి, చెవిలో ఐదు సూదులు గ్రుచ్చు పద్ధతిని అక్కడ రూపొందించిరి. అది నేటికిని పెక్కు దేశములలో వాడుకలో నున్నది. 1978లో అల్మా ఆటా నగరమున ప్రపంచదేశములు ప్రాథమిక ఆరోగ్యమును ప్రజల హక్కుగ ప్రకటించుటలో పాదచారి వైద్యుల ప్రభావము ఎల్లరు అంగీకరింతురు. ఇవి ఊహలు కావు. రోగులకు దక్కిన ఫలములు.

అధ్యాపకుడు: మీరు చెప్పిన ప్రతిదానిలోను ఒక సమానధర్మము కలదు, దానికి మరల వత్తును. ముందు ఆ ఫ్రెంచి మావోవాదుల వేరొక ముఖమును కూడ చూడవలెను. 1972 ఏప్రిలులో ఉత్తర ఫ్రాన్సునందలి బ్రుయె అను గనికార్మికుల పట్టణమున కార్మికుని కూతురైన ఒక బాలిక హతురాలు కాగా, అనుమానితుడైన ఒక ధనికుని, విచారణ జరుగకమునుపే, ప్రజలే దండింపవలెనని వారి పత్రిక ఎలుగెత్తెను. ఆయనపై నేరము నిలువలేదు. అదే యేడు ఫూకో వారితో సంభాషించుచు, ప్రజాన్యాయమునకు న్యాయస్థానమను రూపమే అక్కరలేదనునంత దూరము పోయెను. ధనికుడు గనుక దోషియే యనుట తర్కము కాదు. జనసమూహమునకు నెత్తురుమడుగు చూపుట. పెకింగు బడి ఆవరణలో జరిగినది అదియే.

వైద్యుడు: ఆ పత్రిక వ్రాసినది తప్పు, తత్త్వవేత్త సార్త్ర్ కూడ ఆ పత్రికలోనే తన ఆక్షేపణను తెలిపెను. కాని వారి మిగిలిన సంగతి చెప్పక వదలుట న్యాయము కాదు. 1972 ఫిబ్రవరిలో రెనో కర్మాగార ద్వారమున వారి సహచరుడైన యువకార్మికుని కావలివాడు కాల్చి చంపెను. ప్రతీకారముగ ఒక అధికారిని అపహరించిరి గాని, రెండు దినములలో గాయము లేకుండ విడిచిపెట్టిరి. ఆ శరత్తున మ్యూనిక్కులో క్రీడాకారుల హత్యను ఖండించిరి. 1973లో తమ సంస్థను తామే రద్దుచేసికొనిరి. ఇటలీ, జర్మనీ దేశములలో తుపాకి పట్టినవారు ఎందరినో చంపుచుండగా వీరు ఆ మార్గము అంచు వరకు పోయి వెనుదిరిగిరి. అదే యేడు వారి వర్గము నుండియే లిబెరాసియోన్ దినపత్రిక పుట్టెను. తమ్ము తాము విమర్శించుకొను అలవాటు వారిని కాపాడెనని నా నమ్మకము.

అధ్యాపకుడు: ఫ్రాన్సులో వెనుదిరిగిరి, ఎందుకనగా, అక్కడ చావు ముఖాముఖి కనబడెను. కనబడని చోట ఏమి చేసిరి? మాల్కం కాల్డ్వెల్ లండనులో ఆచార్యుడు, స్నేహశీలి, బీదదేశముల రైతుల పట్ల నిజమైన ప్రేమ గలవాడు. కంపూచియా నుండి పారిపోయివచ్చినవారి సాక్ష్యములను అబద్ధములని కొట్టివేయుచు పోల్ పోట్ ప్రభుత్వమును సమర్థించెను. 1978 డిసెంబరులో ఇరువురు అమెరికా పత్రికారచయితలతో ఆ దేశమునకు పోయెను. చివరి దినమున పోల్ పోట్ ఆయనకు ఏకాంతదర్శన మిచ్చి వ్యవసాయార్థశాస్త్రము మాటాడెను. కాల్డ్వెల్ సంతుష్టుడై అతిథిగృహమునకు తిరిగివచ్చెను. తెల్లవారకముందే, ఆ గృహముననే తుపాకి గుండ్లకు బలియైపోయెను. చంపినదెవరో, చంపించినదెవరో నేటికిని తేలలేదు. ఆయన తిరిగిన వీథులలో జనులు ఎందుకు లేరో, పాఠశాల యొకటి చిత్రహింసాగృహముగ ఎట్లు మారెనో ఆయన అడుగలేదు. స్వీడను నుండి యాన్ మ్యూర్డాల్ ఆ యేడే పోయివచ్చెను, జీవితాంతము సమర్థించెను. ఆయనతో పోయిన యువకుడు గున్నార్ బెరిస్ట్రోమ్ మాత్రము కాలాంతరమున కంపూచియా ప్రజలను బహిరంగముగ క్షమాపణ వేడెను. పెరూ దేశమున 1980లో మావో పేర యుద్ధము ఆరంభించిన ‘ప్రకాశపథము’ 1983 ఏప్రిలులో లుకానమార్కా గ్రామమున పసిబిడ్డలతో సహా 69 మందిని గొడ్డళ్ళతో నరికెను. ఆ దేశపు సత్యాన్వేషణ సంఘము 2003లో మొత్తము మృతులు 69,000 దాటిరనియు, వారిలో సగమునకు మించి ఆ సంస్థ చేతనే హతులైరనియు, అధికసంఖ్యాకులు కెచువా మాటాడు నిరుపేదరైతులే యనియు తేల్చెను. ఆ సంస్థ నాయకుడు పట్టుబడినప్పుడు లండనులో, న్యూయార్కులో ఆయన ప్రాణరక్షణకు సంఘములు వెలసెను. లుకానమార్కా బిడ్డల కొరకు ఒక్కటియు వెలయలేదు.

వైద్యుడు: ఇందు నేను సమర్థింపదగినది లేదు. సమర్థించుట నా వృత్తికే ద్రోహము.

అధ్యాపకుడు: ఇప్పుడు నేను వాయిదావేసిన మాటకు వత్తును. స్వయముగ విచారింపనివాడు నోరు విప్పరాదన్న నియమమును 1930లో మావోయే బోధించెను. లినార్ట్ కార్మికుని బల్లను చూచినది, ఫూకో మిత్రులు ఖైదీని ప్రశ్నించినది, స్త్రీలు ఒకరి కష్టము నొకరు విన్నది, బ్రాంక్సు యువకులు రోగి ప్రక్కన కూర్చుండినది ఆ నియమమును పాటించుటయే. మీరు లెక్కించిన మేళ్ళన్నియు బాధపడువానిని నేరుగ అడిగినచోట ఫలించినవి. నేను లెక్కించిన కీడులన్నియు ఆ ప్రశ్నను విడిచినచోట సంభవించినవి. తమ కర్మాగారములో యాజమాన్యము మాటను నమ్మనివారు చీనాలో యాజమాన్యము మాటనే నమ్మిరి. 1974లో పారిసు సాహిత్యవేత్తల బృందమొకటి మూడు వారములు చీనాలో తిరిగెను. అందున్న రొలాఁ బార్త్ తన చేతిపుస్తకములో, ఎక్కడికి పోయినను అవే మాటలు వల్లెవేయుచున్నారని, ఒక్క నిజమైన మాటయు వినబడకున్నదని విసుగుతో వ్రాసికొనెను. ఆ పుస్తకము 2009లో గాని అచ్చు కాలేదు. తిరిగివచ్చి పత్రికకు వ్రాసినప్పుడు మాత్రము ఆ విసుగును మృదువైన మాటలలో కప్పిపుచ్చెను. బృందములో ఫ్రాంస్వా వాల్ ఒక్కడే చూచినదానిని చూచినట్లు వ్రాసి మిత్రుల కోపమునకు గురియయ్యెను.

వైద్యుడు: మీ విభజన సరియైనదే, కాని అది మీ పక్షమువారికిని వర్తించునని గుర్తుంచుకొనుడు. 1972లో మావో నిక్సనుతో కరచాలనము చేసినప్పుడు, 1973 తరువాత చిలీ సైనికనియంతతో పెకింగు స్నేహము కొనసాగించినప్పుడు, 1976లో ఆయన మరణించి నెల తిరుగకమునుపే భార్యతో సహా అనుచరులు చెరబడినప్పుడు ఈ భక్తులకు భ్రమ తొలగెను. భ్రమ తొలగినవారు ఏమైరి? ఆంద్రె గ్లుక్స్‌మాన్ వంటివారు నిన్న మావోను ఎంత నిశ్చయముతో కీర్తించిరో, నేడు సమానత్వమను కోరికయే నిర్బంధశిబిరములకు దారితీయునని అంత నిశ్చయముతోనే బోధించిరి. పోర్చుగలులో మావోవాద విద్యార్థినాయకుడైన బరోజో 2004లో ఐరోపా కమిషనుకు అధ్యక్షుడయ్యెను. మతము మారినది గాని విచారింపని స్వభావము మారలేదు. కర్మాగారపు వృద్ధకార్మికుని మరల ఎవ్వరును తలపలేదు. ఇందుకు భిన్నముగ బెల్జియములో 1971లో హోబోకెను పట్టణపు సీసపు కర్మాగారము ప్రక్కన ఉచిత వైద్యశాల తెరచిన మావోవాద వైద్యులు కలరు. పిల్లల రక్తములో సీసము చేరుచున్నదని కొలిచి చూపినవారు వారు; నేడు అట్టి వైద్యశాలలు పదికి మించి నడుచుచున్నవి. నాకు వారసులుగ కనబడువారు వీరే.

అధ్యాపకుడు: ఇది మనకు పరాయి విషయము కూడ కాదు. పారిసు విద్యార్థులు ఎర్రపుస్తకము చేతబట్టుటకు ఇరువది యేండ్లు ముందే, 1948లో, తెలంగాణ రైతుల సాయుధపోరాటము నడుమ ఆంధ్ర కమ్యూనిస్టులు మావో నూతన ప్రజాస్వామ్యమును తమ మార్గమని ప్రకటించి, అఖిలభారత నాయకత్వము చేత చీవాట్లు తినిరి. వారు దూరము నుండి చీనాను పూజించినవారు కారు. తమ పల్లె వెట్టిని, తమ దొర గడీని ఎదుట పెట్టుకొని ఆలోచించినవారు. వారి నిర్ణయములలో తప్పొప్పులను వారి రక్తముతోనే వారు తెలిసికొనిరి. పశ్చిమదేశములవారికిని వీరికిని భేదము అదియే. తరువాతి కాలమున యాన్ మ్యూర్డాల్ వంటివారు మన అడవులకు వచ్చి, తమ దేశమున సాధ్యముకాని విప్లవమును ఇక్కడ చూచి తృప్తినొందిరి. అడవిలో ఇరుపక్షముల తుపాకుల నడుమ చచ్చు గిరిజనుడు ఆ తృప్తికి మూల్యము చెల్లించువాడు. వానిని ఏమి కావలెనని అడిగిన పుటలు ఆ గ్రంథములలో ఎన్ని?

వైద్యుడు: ఆ ప్రశ్నను వైద్యశాల కట్టని ప్రభుత్వమునకు కూడ వేయుడు; అప్పుడు నేను మీతో పూర్తిగ ఏకీభవింతును. సామాన్యుడు తన బ్రతుకును తానే దిద్దుకొనగలడను విశ్వాసము మావోతో పుట్టినది కాదు, మావో నేరములతో చావవలసినదియు కాదు. నేటి పశ్చిమదేశ యువకులలో కొందరు, ధనస్వామ్యము ఇచ్చిన అప్పుల బ్రతుకుతో విసిగి, ఆ పేరును మరల తలచుచున్నారు. వారిని గద్దించి లాభము లేదు. వారి ఆకాంక్షను నిలిపి, వారి చేతికి యాంగ్ జిషెంగ్ గ్రంథమును, సైమన్ లేస్ గ్రంథమును, లినార్ట్ గ్రంథమును కలిపి ఇయ్యవలెను.

అధ్యాపకుడు: మన ధర్మశాస్త్రమున తండ్రి ఆస్తిని గైకొన్న కొడుకు తండ్రి అప్పును తీర్చవలెను. మావో పేర వచ్చిన విచారణపద్ధతిని, కష్టము చెప్పుకొను సభను, పాదచారి వైద్యుని వాడుకొను ప్రతి వామపక్షీయుడును బియాన్ జోంగ్‌యున్ పేరును, లుకానమార్కా పేరును కూడ తన చరిత్రలో తన చేతితోనే వ్రాసికొనవలెను. శత్రువు వ్రాసినప్పుడు అది నింద. తాను వ్రాసినప్పుడు అది ప్రాయశ్చిత్తము. అంతవరకు ఆ ఆస్తి మీద వారికి హక్కు సంపూర్ణము కాదని నేను చెప్పుదును.

వైద్యుడు: దానితోపాటు ఆ అప్పును ఎత్తిచూపి ఆస్తిని తగులబెట్టువారికి కూడ ఒక నియమము కావలెను. తాను పొగడు రాజ్యమున ఎవరు ఆకలితో చచ్చిరో అడుగనివానికి, తాను తెగడు రాజ్యమున చచ్చినవారిని గూర్చి మాటాడు అధికారము లేదు. ఈ నియమమును ఎడమవారు, కుడివారు సమముగ పాటించిన నాడు మావో ఎవరికి ఏమి మిగిల్చెనో నిజముగ లెక్కకట్టవచ్చును.